ఊరు, ప్లాటు, తరాలు: బడంగ్‌పేట్ కథ

బడంగ్‌పేట్ హైదరాబాద్‌కు ఆగ్నేయంగా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి సుమారు పది కిలోమీటర్ల దూరంలో, రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలంలో ఉంది. ఒక మనిషి ఉద్యోగంలో చేరి రిటైరయ్యేంత కాలంలోనే ఈ ఊరు గ్రామ పంచాయతీ నుంచి నగర పంచాయతీ అయింది, 2019లో నగరపాలక సంస్థ అయింది, 2025 చివర్లో హైదరాబాద్ మహానగరంలో కలిసిపోయింది. ఇంత వేగంగా పెరిగిన చోట పాతకాపులు, ప్లాటు కొనుక్కుని వచ్చినవాళ్లు, అద్దెకు దిగినవాళ్లు, వాళ్లందరి ముసలివాళ్లు, పిల్లలు ఒక ఊరివాళ్లుగా ఎలా కుదురుకున్నారన్నది పట్టణ చరిత్రలో పట్టించుకోవలసిన ప్రశ్న. లేఅవుట్ నక్షాలు, పురపాలక చట్టాలు దీనికి చెప్పే సమాధానం చాలా తక్కువ. తరాలను కలిపి ఉంచిన పని ఎక్కువగా పాత ఊరి ఆచారాలు చేశాయి, కుటుంబాలు తమంతట తాము కట్టుకున్న ఇళ్లు చేశాయి.

నిజాం కాలంలో రాజధాని చుట్టూ ఉన్న చాలా గ్రామాలు అత్రాఫ్-ఎ-బల్దా పరిధిలోనివి, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు. మరికొన్ని జాగీర్ల కింద ఉండేవి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాక దున్నేవాళ్లలో కొందరికి భూమి మీద హక్కు దక్కింది. హైదరాబాద్ శివార్లలో తర్వాత అర్ధ శతాబ్దం పాటు సాగిన ప్లాట్ల వ్యాపారానికి మూలం ఆ హక్కే. పట్టా ఉన్న రైతే అమ్మగలిగాడు. పట్టాలేని కూలీ, అతని పిల్లలు ఆ డబ్బులో భాగస్తులు కాలేదు. ఊరు నగరమయ్యే క్రమంలో ఏ ఇంటి మూడో తరం ఎక్కడ తేలిందన్నది చాలావరకు అక్కడే తేలిపోయింది.

ఆనాటి ఊళ్లో తరాలు కలిసి ఉండటానికి ఎవరూ ప్రత్యేకంగా ఏర్పాటు చేయనక్కర లేకపోయింది. పని అలా ఉండేది. చెరువు కింద వరి, మెట్టన జొన్న, నగరానికి దగ్గర కాబట్టి కూరగాయలు, కొన్నిచోట్ల ద్రాక్ష. హైదరాబాద్ చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు దేశమంతటా పేరుండేది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కాలువకు ఎంతసేపు నీళ్లు వదలాలో నీరటికి తెలుసు, ఆ పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. పసులు కాసేది పిల్లలు, కళ్లం దగ్గర పడుకునేది పెద్దవాళ్లు. అయితే ఆ కలివిడికి హద్దులుండేవి. వాడలు కులం ప్రకారం విడిపోయి ఉండేవి. దళితవాడ ఊరికి ఎడంగా ఉండేది. పెద్దమనుషుల పంచాయితీలో ఆడవాళ్లకు మాట ఉండేది కాదు. పాత ఊరిని తలుచుకునేటప్పుడు ఈ సంగతి దాటేయడం న్యాయం కాదు.

ఊరి నడిమధ్య బొడ్రాయి ఉండేది. తెలంగాణ పల్లెల్లో చాలా చోట్ల ఉండే ఈ నాభిశిల ఊరు పుట్టిన చోటుకు గుర్తు. దాని పండుగ నాడు ఊరి పొలిమేర కట్టేస్తారు, పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డలను పిల్లాపాపలతో సహా పిలిపించి ఒడిబియ్యం పోస్తారు. అత్తవారింటికి వెళ్లిన మేనత్తలను, వాళ్ల మనవలను ఊరు లెక్కపెట్టుకునే రోజది. తర్వాతి కాలంలో ఈ శివార్లలో పుట్టిన ఏ కాలనీ సంఘానికీ ఇంత విశాలమైన సభ్యత్వం లేదు.

హైదరాబాద్ తూర్పున పట్టణం మొదట పాకింది సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు. సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల నాటిది, 1626లో తవ్వించారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో సరూర్‌నగర్‌లోని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు భవనంలో విక్టోరియా మెమోరియల్ అనాథ శరణాలయం వెలిసింది. తల్లిదండ్రులు లేని పిల్లలను సాకే బాధ్యత బంధువర్గం నుంచి సంస్థ చేతుల్లోకి వెళ్లిన తొలి ఉదాహరణల్లో ఈ ప్రాంతానికి సంబంధించినంతవరకు అది ముఖ్యమైనది. మెట్రో స్టేషన్ పేరుగా ఇప్పటికీ ఆ పేరు రోజూ వేలమంది నోట నానుతోంది. దిల్‌సుఖ్‌నగర్ పేరు మలక్‌పేట వైపు భూములున్న దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే ఆసామిది. పొలాన్ని ఇళ్ల స్థలాలుగా విడగొట్టి అమ్మితే అమ్మినవాడి పేరు పేటకు నిలిచింది. పొలం ప్లాటు కావడమనే ఈ పద్ధతే తర్వాత ఎల్బీనగర్ మీదుగా, సాగర్ రోడ్డు వెంట బడంగ్‌పేట్ దాకా వచ్చింది.

1986లో కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మొదలవడం, విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు రెండూ ఇటే పోవడం వల్ల నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు ఈ ప్రాంతం నగరపు గుమ్మం అయింది. బస్సు దిగిన చోటే గది దొరికేది. 1990ల నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు నిండాయి. ఊళ్లో అమ్మానాన్నలను వదిలి, గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో చదివే పాతికేళ్లలోపు పిల్లలు వేల సంఖ్యలో ఒకే చోట చేరారు. ముసలివాళ్లూ పసివాళ్లూ దాదాపు కనిపించని వీధులు ఈ ప్రాంతంలో మొదట పుట్టింది అక్కడే.

ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు కథ వేరు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్బీనగర్ పురపాలికగా ఎదిగి, 2001 జనగణన నాటికి రెండున్నర లక్షల జనాభా దాటి, 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో కలిసింది. ఇక్కడి కాలనీల పేర్లు చూస్తేనే ఎవరి కోసం పుట్టాయో తెలుస్తుంది. ఎన్జీవోస్ కాలనీ, సచివాలయ నగర్ అలాంటివే. ఒకే కొలువు వాళ్లు, ఇంచుమించు ఒకే వయసులో, ఒకేసారి ఇళ్లు కట్టుకున్నారు. అందువల్ల ఒకేసారి వీధి నిండా పిల్లలు, ఒకేసారి పదో తరగతులు, ఒకేసారి పెళ్లిళ్లు. రిటైర్మెంట్లు కూడా ఒకేసారే. పిల్లలు వెళ్లిపోయాక వీధి వీధంతా కలిసి ముసలిదైంది. ఉద్యోగుల సొసైటీల ద్వారా వెలిసిన కాలనీలకు ఈ చిక్కు తప్పదు. ఇళ్లు కేటాయించేటప్పుడు వయసుల సంగతి ఎవరి ఆలోచనకూ రాలేదు.

బడంగ్‌పేట్ వైపు ఉద్యోగులను లాగింది రక్షణ సంస్థలు. 1960ల నుంచి కంచన్‌బాగ్ ప్రాంతంలో డీఆర్‌డీఎల్, ఆ తర్వాత 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని వచ్చాయి. 1980ల చివర్లో, ఏపీజే అబ్దుల్ కలాం చొరవతో, బాలాపూర్–పహాడీ షరీఫ్ పక్కనే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఏర్పడింది. క్వార్టర్లు అందరికీ దొరకవు, దొరికినా రిటైరయ్యాక ఖాళీ చేయాలి. కాబట్టి ఫిట్టర్, టెక్నీషియన్, క్లర్కు స్థాయి వాళ్లు చంపాపేట్, మీర్‌పేట, బాలాపూర్, బడంగ్‌పేట్ వైపు నూటయాభై, రెండు వందల గజాల ప్లాట్లు చూసుకున్నారు. చిట్టీ ఎత్తి బయానా ఇచ్చి, పీఎఫ్ లోనుతో రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఏళ్ల తరబడి కంపచెట్ల మధ్య వదిలేసి, పిల్లల చదువులయ్యాక ఇల్లు మొదలుపెట్టారు. దీనివల్ల బడంగ్‌పేట్‌లో ఒకే వీధిలో ఇరవై ఏళ్ల తేడాతో ఇళ్లు లేచాయి. ముప్పై ఏళ్ల భార్యాభర్తల పక్కింట్లో అరవై ఏళ్ల దంపతులు చేరారు. సొసైటీ కాలనీల్లో లేని వయసుల కలయిక ఇక్కడ ఎవరూ అనుకోకుండానే కుదిరింది.

ఈ ఎదుగుదలలో భారీ లోటు ఒకటుంది. 1990లు, 2000ల్లో ఇక్కడ వేసిన వెంచర్లలో చాలా భాగం గ్రామ పంచాయతీ లేఅవుట్లు. నియమం ప్రకారం లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం పార్కుకు, ఆటలకు వదలాలి. అనుమతి లేని వెంచర్లలో ఆ పది శాతాన్నీ ప్లాట్లుగా అమ్మేశారు. తర్వాత ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకాలు తెచ్చింది. 2020 ఆగస్టు 31న వచ్చిన జీవో 131 కింద, ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాళ్లు ప్లాటు విలువలో 14 శాతం రుసుము అదనంగా కడితే క్రమబద్ధీకరణ జరిగేలా ఏర్పాటైంది. లెక్క సరిపోయింది, పార్కు మాత్రం రాలేదు. పసిపిల్ల ఆడుకోవడానికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన పొద్దున నాలుగడుగులు వేయడానికి కావలసిన నేల డబ్బు రూపంలో ఖజానాకు వెళ్లింది. ఒక తరం చేసిన అమ్మకానికి పరిహారం మరో తరం కట్టింది, పోగొట్టుకున్నది మాత్రం ఆ రెండు తరాల పిల్లలూ ముసలివాళ్లూ.

పార్కులు లేనిచోట ఆ పనంతా ఇంటి మీద పడింది. బడంగ్‌పేట్, అల్మాస్‌గూడ, నాదర్‌గుల్ వీధుల్లో సాధారణంగా కనిపించే ఇల్లు ఇలా ఉంటుంది: కింద పార్కింగ్ పక్కన రెండు గదుల పోర్షన్, పైన ఒకటో రెండో అంతస్తులు, మెట్లు ఇంటి లోపల కాకుండా బయటి గోడ వెంట. ఆ మెట్లను బయట పెట్టడంలో ఒక కుటుంబపు ముప్పై ఏళ్ల ప్రణాళిక ఉంది. మొదట యజమాని కింద ఉంటాడు, పైభాగానికి టూలెట్ బోర్డు తగిలిస్తాడు, అద్దె బ్యాంకు కిస్తీకి పోతుంది. పెద్దకొడుకు పెళ్లి కుదిరితే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తారు, కొత్త జంట పైకి చేరుతుంది. వంట వేరు, గేటు ఒకటే. కోడలు ఉద్యోగానికి వెళ్తే పిల్ల కింద నాయనమ్మ దగ్గర ఉంటుంది. మెట్లెక్కలేని వయసు వచ్చినప్పుడు పెద్దవాళ్లకు కింది పోర్షనే సరిపోతుంది. ఉమ్మడి కుటుంబం విడిపోయిందని చెప్పే జనాభా లెక్కల్లో ఈ ఇల్లు రెండు కుటుంబాలుగా నమోదవుతుంది. నిజానికి అది ఒకటిన్నర.

సింగపూర్ ప్రభుత్వం 2015 నుంచి తల్లిదండ్రులతో కలిసి లేదా వాళ్లకు దగ్గర్లో ఫ్లాటు కొనుక్కునేవాళ్లకు ప్రత్యేక గ్రాంటు ఇస్తోంది. బడంగ్‌పేట్ మేస్త్రీ, ఇంటి యజమాని ఏ గ్రాంటూ లేకుండా అదే పని ఇటుక మీద ఇటుక పేర్చి చేశారు. కాకపోతే సొంత స్థలం ఉన్నవాళ్లకే ఈ సౌకర్యం దక్కింది. అద్దె పోర్షన్‌లో ఉండే ప్రైవేటు ఉద్యోగి ఊరి నుంచి తల్లిని తెచ్చుకుంటే హాల్లో మంచం వేయాలి.

ఊరి స్థాయిలో తరాలను కలిపిన సంస్థల్లో బాలాపూర్ గణేశ్ ఉత్సవానిది ప్రత్యేక స్థానం. బాలాపూర్ గణేశ్ ఉత్సవ సమితి 1980లో ఏర్పడింది. వినాయకుడి లడ్డూ వేలం 1994లో మొదలైంది. ఆ ఏడు 450 రూపాయలకు పాడుకున్నది ఊరి రైతే. లడ్డూను పొలంలో చల్లితే పంట బాగా పండిందని, అందుకే మరుసటేడు మళ్లీ పాడుకున్నారని ఊళ్లో చెబుతారు. రెండో ఏడు పాట 4,500కు చేరింది. 2002లో లక్ష దాటింది, 2015లో పది లక్షలు దాటింది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది, 2025లో 35 లక్షలు. 2020లో కరోనా వల్ల వేలం జరగలేదు.

ధర గురించి పత్రికలు ఏటా రాస్తాయి. చరిత్రకు అంతకంటే ముఖ్యమైనది వేలం జరిగే తీరు. నిమజ్జనం రోజు తెల్లవారకముందే వినాయకుడిని ఊరంతా ఊరేగించి బొడ్రాయి దగ్గరికి తెస్తారు. వేలం అక్కడే, ఊరి పెద్దల సమక్షంలో జరుగుతుంది. ఆ తర్వాతే శోభాయాత్ర చాంద్రాయణగుట్ట, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్ వైపు కదులుతుంది. చాలా ఏళ్లపాటు స్థానికులు డబ్బు మరుసటి ఏడు వేలం లోపల కట్టే వీలుండేది, బయటివాళ్లు అప్పటికప్పుడు చెల్లించాల్సి ఉండేది. ఊరివాడి మాటకు ఏడాది గడువు ఉంటుందన్న నమ్మకం ఆ నియమంలో ఉండేది. వచ్చిన సొమ్ము గుళ్లకు, ఊరి పనులకు పోతుంది, లెక్క అందరి ముందూ చదువుతారు. తొలి వేలం నాటి యువకులు ఇప్పుడు ఊరి పెద్దలు. పందిరి వేసే పని, విద్యుద్దీపాల పని, ఊరేగింపు కాపలా వాళ్ల పిల్లల చేతుల్లో ఉంది. పొలాలు అమ్ముడైపోయి, కలిసి చేసే పని అంటూ మిగలని చోట పదిహేనేళ్ల పిల్లవాడికీ డెబ్భై ఏళ్ల పెద్దాయనకూ ఒకే జమాఖర్చు పుస్తకంలో పని దొరికింది. పాట పాడే స్తోమత రియల్ ఎస్టేట్ డబ్బు ఉన్నవాళ్లకే మిగిలిందన్నదీ వాస్తవమే. 450 రూపాయల నాడు ఏ రైతయినా గొంతు కలిపేవాడు.

ఆడవాళ్ల వైపు ఈ పని బతుకమ్మ చేసింది. తంగేడు, గునుగు దొరికే బీళ్లు పోయాయి, పూలు ఇప్పుడు రైతుబజార్ దగ్గర కొనుక్కోవలసిందే. అయినా ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు కాలనీ చౌరస్తాలో ఆట సాగుతుంది. నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చిన అత్తలకు పాటలు నోటికి వచ్చు. కోడళ్లకు పల్లవి వచ్చు. కృష్ణా, గుంటూరు నుంచి వచ్చిన ఇరుగుపొరుగువాళ్లు ఆ పాటలకు చప్పట్లు కలుపుతూ మెల్లగా అడుగు నేర్చుకున్నారు. సంక్రాంతికి వాళ్ల ముగ్గులు, బొమ్మల కొలువులు ఈ వీధుల్లోకి వచ్చాయి. 2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాక కాలనీ సంఘాలు మైకులు, బహుమతులు ఏర్పాటు చేయడం పెరిగింది. డీజే పెట్టె వచ్చిన చోట ముసలమ్మల గొంతు వెనక్కి తగ్గింది. అది చిన్న నష్టం కాదు. పుస్తకంలో లేని పాట పాడేవాళ్లు పాడినంత కాలమే ఉంటుంది.

అన్ని కుటుంబాలూ ఈ వలయంలో లేవు. పహాడీ షరీఫ్‌లోని బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉర్సుకు మతభేదం లేకుండా జనం వెళ్తారు కానీ, ముస్లిం బస్తీలకూ కొత్త కాలనీలకూ మధ్య రోజువారీ రాకపోకలు పలుచనే. 2012 తర్వాత మయన్మార్ నుంచి తరలివచ్చి బాలాపూర్‌లో గుడారాల్లో, రేకుల షెడ్లలో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలకు కాలనీ సంఘం గానీ ఊరి బొడ్రాయి గానీ సొంతం కాలేదు.

ఇంతలో నగరపు కొలువులు పడమటికి మళ్లాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెరిగిన ఉద్యోగాలు తూర్పు హైదరాబాద్ ఇళ్ల లెక్క మార్చేశాయి. పైఅంతస్తు కట్టించింది కొడుకు కోసం, ఆ కొడుకు కొండాపూర్‌లో ఫ్లాటు తీసుకున్నాడు, లేదా అమెరికా వెళ్లాడు. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా మెట్రో రావడంతో కొంత ఊరట దొరికింది. అయితే బడంగ్‌పేట్ నుంచి మెట్రో అందుకోవాలంటేనే మరో ప్రయాణం. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, తర్వాత ఔటర్ రింగు రోడ్డు, ఆదిభట్లలో టీసీఎస్, విమాన విడిభాగాల పరిశ్రమలు రావడం వల్ల కొందరు పిల్లలు ఇటువైపే నిలిచారు. మిగతా ఇళ్లలో పైన అద్దెకున్నవాళ్లు, కింద ఇద్దరే పెద్దవాళ్లు. రాత్రివేళ ఆయాసం వస్తే ఆటో పిలిచేది, ఆసుపత్రికి తోడు వచ్చేది పైపోర్షన్ కుర్రవాడే అయిన సందర్భాలు ఈ వీధులకు కొత్త కాదు. యజమాని–కిరాయిదారు సంబంధం చుట్టరికంలా మారడం ఈ శివారు సంపాదించుకున్న మంచి గుణాల్లో ఒకటి.

చట్టం తరాల మధ్య సంబంధాన్ని మరోలా చూసింది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ–సంక్షేమ చట్టం పిల్లలు పట్టించుకోని పెద్దవాళ్లకు ట్రిబ్యునల్ ద్వారా నెలకు పది వేల రూపాయల దాకా భరణం ఇప్పించే వీలు కల్పించింది, జిల్లాకొక వృద్ధాశ్రమం ఉండాలంది. తెగిన సంబంధానికి అది మందు. 2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు వేయమంది: యువకులకొకటి, మహిళలకొకటి, వయోవృద్ధులకొకటి, ప్రముఖులకొకటి, ఒక్కోదానిలో 15 మంది. 32 డివిజన్ల బడంగ్‌పేట్‌కు 2020 జనవరిలో తొలి నగరపాలక ఎన్నికలు జరిగిన నాటి చట్టం ఇదే. వృద్ధులకు, యువకులకు పాలనలో చోటివ్వాలన్న ఉద్దేశం మెచ్చదగ్గది. కానీ వాళ్లను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టే ఏర్పాటు ఈ ఊళ్ల అనుభవానికి ఎదురుగా ఉంది. బాలాపూర్ పందిరి కింద అన్ని వయసులవాళ్లూ ఒకే చాప మీద కూర్చుంటారు.

2020లోనే, అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఎల్బీనగర్, మీర్‌పేట, బడంగ్‌పేట్ వైపు లోతట్టు కాలనీలు మునిగాయి. మీర్‌పేటలో కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇళ్లు కొన్నవాళ్లకు అది ఆశ్చర్యం, పాతకాపులకు కాదు. ఏ సర్వే నంబరులో కుంట ఉండేదో, ఏ రోడ్డు ఒకప్పటి కాలువ గట్టో వాళ్లకు తెలుసు. చెరువు నుంచి చెరువుకు పారే గొలుసుకట్టు దారి నీరటి కుటుంబాలకు కంఠోపాఠంగా ఉండేది. ప్లాటు కొనేముందు ఆ పెద్దవాళ్లను అడిగే అలవాటు కొత్త కాలనీలకు అప్పటిదాకా లేదు. నాలాలు, చెరువుల పూర్తి నీటిమట్టం హద్దుల గురించి కాలనీ సంఘాల అర్జీలు ఆ తర్వాత పెరిగాయి. అర్జీలు రాసేది ఎక్కువగా రిటైరైన ఉద్యోగులు, వాటిని ఫోటోలతో సహా అధికారులకు పంపేది వాళ్ల మనవలు.

కాలనీ సంక్షేమ సంఘం ఈ శివార్లలో రెండో పంచాయతీ లాంటిది. పగలు ఇంటి దగ్గర ఉండేవాళ్లు పెద్దవాళ్లే కాబట్టి లైన్‌మన్‌తో మాట్లాడటం, మంచినీటి పైపు వచ్చే రోజు వాల్వు తిప్పించుకోవడం, చెత్త బండి రాకపోతే ఫోను చేయడం వాళ్ల పనయింది. అధ్యక్షుడు, కార్యదర్శి తరచూ అరవై దాటినవాళ్లే. సంఘం వాట్సాప్ గ్రూపులో యువకులుంటారు, నెలవారీ సమావేశానికి మాత్రం రారు. అద్దెకున్నవాళ్లకు చాలా సంఘాల్లో ఓటే లేదు. పైపోర్షన్ కుర్రవాడు రాత్రి ఆసుపత్రికి తోడు వస్తాడు, ఉదయం సంఘం పుస్తకంలో అతని పేరుండదు. ఈ లోపం సరిదిద్దుకోవడం సంఘాల చేతుల్లోనే ఉన్న పని, దానికి జీవో అక్కర్లేదు.

2025 డిసెంబరులో ఔటర్ రింగు రోడ్డు పరిధిలోని 27 పురపాలక సంస్థల్లో ఒకటిగా బడంగ్‌పేట్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీలో విలీనమైంది. ఆరేళ్లు నడిచిన సొంత కార్పొరేషన్ గడువు ముగిసింది. ఇంటి పన్ను, నిర్మాణ అనుమతి, పింఛను దరఖాస్తు ఇకపై మహానగర సర్కిల్ కార్యాలయం ద్వారా నడుస్తాయి. బాలాపూర్ ఉత్సవ సమితి, కాలనీ సంఘాలు, బతుకమ్మ చౌరస్తాలు విలీనం పరిధిలోకి రావు, అవి ఎప్పటిలాగే ఊరి చేతుల్లో ఉన్నాయి.